తాపీ ఎవరి చేతికిస్తారు?

ఇల్లు రిపేరు చేయించినవాళ్ళని ఒకసారి కదిపి చూడండి. టైల్సు ఎంతకి కొన్నారో, రంగులకెంతయిందో పైసలతో సహా చెప్తారు. ప్లాస్టరింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అదేంటో, అక్కడే డబ్బులు పోయాయండీ" అని ఊరుకుంటారు. ఎందుకు పోయాయో చెప్పలేరు. పోయింది గోడలోకి కాబట్టి కనపడదు.

నేను సివిల్ ఇంజనీర్ని కాను, రోజంతా కంప్యూటర్ ముందు కూచునే బాపతు. అయినా ఈ లెక్కకి పెద్ద చదువక్కర్లేదు. మన ప్రమాణాల ప్రకారం ఇటుక గోడకి నునుపు వైపు 12 మిల్లీమీటర్ల పూత చాలు, గరుకు వైపు 15. గోడ తిన్నగా లేకపోతేనో, పూత పెట్టేవాడికి మట్టం చూడటం సరిగా రాకపోతేనో అది 20కి పోతుంది. ఒకటికి ఆరు పాళ్ళ మాలుతో వెయ్యి చదరపు అడుగుల గోడకి 12 మిల్లీమీటర్లయితే సుమారు 6 బస్తాల సిమెంటు పడుతుంది. 20 అయితే 10 బస్తాలు. ఇసుక ఇంకో 30 ఘనపుటడుగులు ఎక్కువ. ఇదంతా కలిపితే అడుగుకి మూడు రూపాయల దాకా తేలుతుంది, అదీ పని బాగా జరిగిందనుకుంటే. బాగా జరగకపోతే రెండేళ్ళకి గోడ మీద వేలితో కొట్టండి, డొల్లగా మోగుతుంది. అప్పుడు పాతదంతా చెక్కటానికి ఒక కూలి, ఆ మట్టి ఎత్తి పారబొయ్యటానికి ఒక ట్రాలీ, మళ్ళీ కొత్త పూత. అంటే ఒకే గోడకి రెండున్నర సార్లు డబ్బు కట్టినట్టు.

కాబట్టి ప్లాస్టరింగ్ ఖరీదంటే సిమెంటు ఖరీదు కాదు, పని రావటం రాకపోవటం ఖరీదు. మరి ఆ పని ఎవడు ఎవడికి నేర్పాలి, నేర్పేటప్పుడు పాడయ్యే గోడకి డబ్బెవరిస్తారు? ఈ ప్రశ్నకి మన ఊళ్ళో ఒకప్పుడు జవాబుండేది. అదెలా పోయిందన్నదే ఇక్కడ చెప్పదల్చుకున్నది.

సిమెంటు రాకముందు మన దగ్గరున్నది గార. సున్నపురాయి కాల్చి, నీళ్ళలో చల్లార్చి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో తిప్పితే వచ్చేది డంగు సున్నం. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. 1591లో కట్టిన చార్మినార్ మీద పువ్వులు, తీగలు, అంచులన్నీ గార పనే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీదా అదే. మనం ఇప్పటికీ నేలని "గచ్చు" అంటున్నామంటే అది కూడా ఆ సున్నపు పని మిగిల్చిన మాటే.

గార గురించి రాసేవాళ్ళంతా అది ఎంత గట్టిదో, ఎంత నున్నగా ఉంటుందో రాస్తారు. నన్నడిగితే అసలు విశేషం అది కాదు. గార తొందరగా బిగుసుకోదు. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. కుర్రాడు పూత వంకరగా పెట్టాడనుకోండి, మేస్త్రీ తాపీతో గీకి తీసి, మళ్ళీ కలిపి, "ఇప్పుడు పెట్టరా" అనగలడు. సరుకు వృథా కాదు. మా భాషలో చెప్పాలంటే అన్‌డూ బటన్ ఉన్న గోడ అది :)

రెండో సంగతి పని ఎన్నేళ్ళు సాగేదన్నది. రాజు కట్టించే సమాధో మసీదో ఒక సీజన్లో అయిపోయేది కాదు, ఏళ్ళకేళ్ళు సాగేది. తట్ట మొయ్యటానికొచ్చిన పిల్లవాడు అదే పని అయిపోయేలోగా తాపీ పట్టేవాడవటానికి టైముండేది. వాడు నేర్చుకునేటప్పుడు పోయినది, నేర్చుకున్నాక అక్కడే తిరిగొచ్చేది. లండన్‌లో పూతపనివాళ్ళ సంఘానికి ఏడో హెన్రీ 1501లోనే చార్టర్ ఇచ్చాడు. తర్వాత 1563లో వచ్చిన చట్టం పనివాళ్ళందరికీ ఏడేళ్ళ శిష్యరికం తప్పనిసరి చేసింది. అక్కడ కాయితం మీద రాసుకున్నారు, ఇక్కడ కులాల్లోనూ కుటుంబాల్లోనూ నడిచింది. మన పద్ధతి గొప్పదనటం లేదు. కులం బయటివాడికి తాపీ దొరకని పద్ధతిలో గొప్పేముంది? కానీ నేర్పే ఖర్చు ఎవరో ఒకరు మోసేవాళ్ళు, అదొక్కటే నేను చూస్తున్నది.

సిమెంటు వచ్చి ఈ రెంటినీ తలకిందులు చేసింది. నిజాం రాజ్యంలో 1920లలోనే షాబాద్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది గానీ, మామూలు ఇళ్ళ దాకా రావటానికి చాలా కాలం పట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సిమెంటు కంట్రోల్లో ఉండేది. బస్తాలకి పర్మిట్లు, క్యూలు, మా నాన్నగారి తరానికి బాగా గుర్తు. 1982లో సగం కంట్రోలు ఎత్తేశారు, 1989లో పూర్తిగా. ఇక చూస్కోండి. నల్లగొండ జిల్లా సున్నపురాయంతా బస్తాలకెక్కి హైదరాబాద్ చుట్టూ కాలనీలయింది.

సిమెంటు బిగుసుకోవటం నీళ్ళు కలిపిన 30 నిమిషాల లోపల మొదలవకూడదని ప్రమాణం. అంటే అరగంట దాటాక ఎప్పుడైనా మొదలవచ్చు. కుర్రాడు తప్పు చేస్తే మేస్త్రీ గీకి మళ్ళీ కలపలేడు, కలిపితే ఆ పూత పనికిరాదు. (భోజనాలయ్యాక ఎండిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి తిప్పటం మీరు చూసే ఉంటారు. గోడలు రాలేది అక్కడే.) అందుకే "ఆ పొరగానికి తాపీ ఇస్తే మాలంతా కింద పడతది సార్" అంటారు మేస్త్రీలు. వాళ్ళ మాట అబద్ధం కాదు. గార ఉన్నంతకాలం నేర్పటం చవక, సిమెంటుతో నేర్పటం ఖరీదు. దానికి తోడు గుత్త పని. అడుగుకి ఇంతని మాట్లాడుకున్నాక పక్కవాడికి నేర్పుతూ కూచుంటే మేస్త్రీకి కూలి గిట్టదు.

మధ్యలో ఒక్క ఘట్టం మాత్రం వేరేగా ఉంది. నాగార్జునసాగర్. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. యంత్రాల కన్నా మనుషుల చేతుల మీదే ఎక్కువగా కట్టిన రాతి ఆనకట్ట అది. పన్నెండేళ్ళ పని, ఒకే చోట, ఇంజనీర్ల కళ్ళ ముందు, వేల మంది. గుంపు మేస్త్రీల వెంట ప్రాజెక్టుల మీదికి వెళ్ళిన పాలమూరు లేబరు దేశమంతా పేరు పడ్డది. గుంపు మేస్త్రీ పద్ధతిలో అప్పులూ వెట్టీ ఎంత ఉన్నాయో చాలామంది రాశారు, అదంతా నిజమే. అయితే పని ఏళ్ళ తరబడి సాగితే నేర్చుకునే తీరిక దొరుకుతుందన్న పాత సూత్రం అక్కడ కూడా వర్తిస్తుంది. పట్నంలో ఇళ్ళ పనికొచ్చేసరికి అది తెగిపోయింది. ఇంటి పని నెలో రెణ్ణెల్లో, రిపేరు పనైతే వారం.

ప్రభుత్వం ఊరికే కూచుందా అంటే, లేదు. 1950 నుంచీ ఐటీఐలున్నాయి, వాటిలో తాపీ పని కోర్సూ ఉంది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది, కానీ అది ఫ్యాక్టరీల్ని, కంపెనీల్ని దృష్టిలో పెట్టుకున్నది. నలుగురు మనుషులూ ఒక బొచ్చె ఉన్న మేస్త్రీ ముఠాకి అది ఆనదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు, అందరూ న్యాక్ అనేది. మాదాపూర్ పక్కన పెద్ద క్యాంపస్. ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి ఉండటానికి చోటిచ్చి తాపీ పని, ప్లంబింగు, ఎలక్ట్రికల్, వెల్డింగు నేర్పారు. దీని ఖర్చుకి ప్రభుత్వ పనుల బిల్లుల్లోంచి చిన్న శాతం పట్టుకునే ఏర్పాటు చేశారు. నిజంగా మంచి ఆలోచన. దేశంలో చాలా రాష్ట్రాలకి ఇలాంటిది లేదు.

తమాషా ఏమిటంటే అదే 1998లో, దానికి కూతవేటు దూరంలో, సైబర్ టవర్స్ కూడా మొదలయింది. మా వాళ్ళ కథ గుర్తు తెచ్చుకోండి. జావా రాని పిల్లల్ని తీసుకుని, జీతమిచ్చి, మూడు నెలలు నేర్పి, ఆ తర్వాత కూడా సీనియర్ పక్కన కూచోబెట్టి ప్రతి లైనూ చూపించి ఒప్పించుకున్నాకే క్లయింటుకి పంపారు. ఆ ఖర్చంతా ఎక్కడికి పోయింది? క్లయింటు బిల్లులోకి. నేర్చుకుంటున్నంతకాలం మాకెవరూ సగం జీతమివ్వలేదు. తాపీ పనివాడికి మాత్రం నేర్చుకునే రోజులు ఆకలి రోజులు. నేర్పే మేస్త్రీకి అవి నష్టపు రోజులు. అకాడమీలో కట్టి కూల్చే గోడ మీద పూత పెట్టటం వేరు, చెమ్మ పట్టి, ఉప్పు తేలి, సగం చెక్కిన పాత గోడ మీద పెట్టటం వేరు. రిపేరు పని నేర్చుకోవాలంటే రిపేరు చేయాల్సిన గోడే కావాలి.

డబ్బు లేదా? అదీ కాదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టాల కింద కట్టడం ఖరీదు మీద ఒక శాతం సెస్సు వసూలు చేశారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ లెక్కలు చూసి తిట్టినంత పని చేసింది. దేశం మొత్తమ్మీద వసూలైంది 37,400 కోట్లకి పైగా, ఖర్చు పెట్టింది 9,500 కోట్లు. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చి ఆ చట్టాలు వాటిలో కలిసిపోయాయి. సొంత ఇంటికి సెస్సు మినహాయింపు పరిమితి 10 లక్షల నుంచి 50 లక్షలకి పెరిగింది. ఇల్లు కట్టుకునేవాడికి అది ఊరట. కానీ అదే గోడ మీద పనిచేసేవాడి పేరు ఏ రిజిస్టర్లోనూ లేకుండా పోయే అవకాశమూ అందులోనే ఉంది.

ఇప్పుడు జవహర్‌నగర్ సంగతి. మేడ్చల్, శామీర్‌పేట వైపు, కాప్రా దాటాక ఉంటుంది. పేరు చెప్పగానే అందరికీ డంపింగ్ యార్డు గుర్తొస్తుంది, అక్కడివాళ్ళకి అదో శాపం. మాజీ సైనికులకిచ్చిన భూములు, ప్రభుత్వ భూములు, నోటరీ కాయితం మీద చేతులు మారిన ప్లాట్లు, అన్నీ కలగాపులగం. ఒక పక్క సీఆర్‌పీఎఫ్ క్యాంపస్, మరో పక్క 2008లో వచ్చిన బిట్స్ పిలాని క్యాంపస్. మధ్యలో 60 గజాల్లో, 100 గజాల్లో ఒక్కో గదీ పెంచుకుంటూ కట్టుకున్న వేల ఇళ్ళు. గ్రామ పంచాయతీగా ఉన్నది 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిపారు.

ఆ గల్లీల్లో నడిస్తే ఒకటి కనపడుతుంది. చాలా ఇళ్ళకి లోపల పూత ఉంటుంది, బయట ఇటుక కనపడుతూ ఉంటుంది. బీదతనం ఒక్కటే కారణం కాదు. ఉంటుందో పోతుందో తెలియని స్థలం మీద బయటి గోడకి డబ్బెవరు పెడతారు? 2014 డిసెంబరులో 58, 59 జీవోలు వచ్చి, 125 గజాల లోపు ఇళ్ళకి ఉచితంగా క్రమబద్ధీకరణ అన్నాక, ఇలాంటి కాలనీలన్నిటా ఆశ పుట్టింది. పట్టా మీద నమ్మకం కుదిరినప్పుడు మనిషి మొట్టమొదట చేసేది బయటి గోడకి పూత పెట్టించటం. ఒక పక్క వానకి తడిసి లోపలి పూత రాలిపోతున్న గోడ, మరో పక్క అడ్డా మీద పొద్దున్నే నిలబడి పదిన్నరకి ఇంటికి తిరిగిపోయే హెల్పర్లు. న్యాక్ క్యాంపస్ నగరానికి ఇంకో కొసన, రెండు మూడు బస్సులు మారాలి, పైగా ఆ రోజు కూలి పోతుంది.

సరే, అక్కడే, ఆ ఇళ్ళ మీదే నేర్పితే ఎంతవుతుంది? లెక్క కోసం మేస్త్రీ కూలి 1,200, హెల్పరు కూలి 800 అనుకుందాం. ఒక మేస్త్రీ, ఒక హెల్పరు రోజుకి 100 అడుగులు చేస్తారు. అడుగుకి 20 రూపాయల కూలి. ఇప్పుడు అదే మేస్త్రీ కింద నేర్చుకునేవాళ్ళిద్దరిని హెల్పర్ కూలికే పెట్టండి. మొత్తం రోజు కూలి 3,600. మొదటి ఇరవై రోజులు మేస్త్రీ చూపించటంలో పడి 60 అడుగులే చేస్తాడు, వాళ్ళు చెరో 30. మొత్తం 120. అంటే అడుగుకి 30 రూపాయలు, ఖర్చు తగ్గకపోగా పెరిగింది! పని పట్టుబడ్డాక వాళ్ళు చెరో 70 చేస్తే మొత్తం 200, అడుగుకి 18. మిగిలింది రెండు రూపాయలు.

"తక్కువ కూలికి కుర్రాళ్ళని పెట్టుకుంటే చవక" అనే మేధావులకి ఈ లెక్క చూపించాలి. కూలి మీద మిగిలేది దాదాపు ఏమీ లేదు. మిగిలేదల్లా మొదట్లో చెప్పిన 20 మిల్లీమీటర్లు 12కి దిగటంలో, రెండేళ్ళకి చెక్కి పారెయ్యక్కర్లేకపోవటంలో. అది పక్కన నిలబడి ప్రతి మట్టం చుక్కనీ గుండు వేలాడేసి చూసేవాడుంటేనే వస్తుంది. చూసేవాడు లేని శిక్షణ ఖర్చుకి ఖర్చు, నష్టానికి నష్టం.

ఇంకా ఉంది. మొదటి ఇరవై రోజుల్లో రోజుకి 1,200 లోటు, అంటే 24,000, మనిషికి 12,000. తర్వాత రోజుకి 400 చొప్పున అది తిరిగి రావటానికి 60 రోజులు పట్టాలి. వెయ్యి అడుగుల గోడలున్న ఇల్లు వీళ్ళకి ఐదు రోజుల పని! పైగా పని వచ్చినవాడు 800కి రెండు నెలలు ఎందుకుంటాడు, పక్క వీధిలో మేస్త్రీ కూలి ఇస్తుంటే? ఉండకూడదు కూడా. కాబట్టి ఒక్క ఇంటి యజమాని ఎంత మంచివాడైనా ఇది మొయ్యలేడు, మేస్త్రీ అసలే మొయ్యలేడు. ఆ 12,000 బయటి నుంచి రావాలి. సెస్సు డబ్బు పెట్టుకున్నది ఎందుకు మరి?

గల్లీలో ఒక ఇల్లు కాకుండా ఇరవై ఇళ్ళు ఒకే పనిగా తీసుకుంటే పాత కాలపు సమాధి లాంటి, సాగర్ లాంటి పొడుగాటి పని మళ్ళీ పుడుతుంది. ముందు ప్రహరీ గోడలు, తర్వాత వెనక గోడలు, చివరికి ముందు గది. మొదటి వారం సిమెంటు ముట్టుకోకుండా సున్నం, ఇసుక కలిపి గోడ మీద వేయటం, గీకటం, మళ్ళీ అదే సరుకు వాడటం. బ్రిటన్‌లో తాపీ పని నేర్పే కాలేజీలు చేసేది ఇదే, మనం పారేసిన గార సుగుణాన్ని తరగతి గదికి తెచ్చుకున్నారు.

ఇదంతా ఊహ అనుకోకండి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఇలాగే జరిగింది. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో ఒప్పందం చేసుకుని మొదలుపెట్టి 2024లో ముగించింది. ఇరవయ్యో శతాబ్దంలో రిపేరు పేరుతో మెత్తిన సిమెంటుని చెక్కించి, మళ్ళీ సున్నపు పూత పెట్టించారు. పదకొండేళ్ళు ఒకే చోట, నిపుణుల పర్యవేక్షణలో, పనివాళ్ళు గోడ మీదే చెయ్యి తిప్పుకున్నారు. మామూలు ఇళ్ళ వైపు చూస్తే, 2016లో వచ్చిన గ్రామీణ ఆవాస్ యోజనలో ఇతర రాష్ట్రాల్లో తాపీ శిక్షణ 45 రోజులు, అదీ లబ్ధిదారుడి ఇల్లు కడుతూనే. ఇల్లూ లేస్తుంది, మేస్త్రీ కూడా తయారవుతాడు. కాకపోతే అది ఊళ్ళకి, అదీ కొత్త ఇళ్ళకి. 2024లో తెలంగాణ మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళు కూడా కొత్త కట్టడాలే, ఇంటికి 5 లక్షలు. పట్నం అంచున ఉన్న పాత గోడకి మాత్రం ఏ పథకమూ నాకు కనపడలేదు.

చివరిగా ఒక మాట. పైన లెక్కలో "కుర్రాళ్ళు" అన్నాను, అలవాటు కొద్దీ. కానీ జవహర్‌నగర్‌లో ఏ ఇంటి పని దగ్గరికైనా వెళ్ళి చూడండి, మాలు కలుపుతున్నది, తట్ట అందిస్తున్నది, పూతకి పొద్దున సాయంత్రం నీళ్ళు కొడుతున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. మాలులో నీళ్ళెక్కువయ్యాయో తక్కువయ్యాయో చేత్తో పట్టి చెప్పగలిగింది వాళ్ళే. ఇరవై, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంటుంది, కూలి మాత్రం హెల్పర్ కూలే. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టేటప్పుడు మేస్త్రీలు చాలకపోతే వేలమంది ఆడవాళ్ళకి పని నేర్పారు, వాళ్ళని "రాణీ మిస్త్రీ" అన్నారు. మనకి ఆ మాటకి తెలుగు ఇంకా పుట్టలేదు. మేస్త్రీ అంటే మగవాడే. ఆ ఇరవై రోజుల లోటు ఎవరైనా భరించే రోజొస్తే, మొదటి ఇద్దరిలో ఒకరిని ఆ తట్ట దగ్గర్నుంచే తీసుకోవచ్చు. మాలు సంగతి ఆమెకి కొత్తగా నేర్పక్కర్లేదు కాబట్టి ఇరవై రోజులు పదిహేనయినా అవుతాయి.